మొల్విటినోలో కాకులు దిగే వేళ

రష్యా పల్లెల మంచు బొమ్మలు తెలుగువాళ్ళకి కొత్తేమీ కాదు. ఒకప్పుడు సోవియట్ భూమి పత్రిక నున్నటి కాగితాలు బడి పుస్తకాలకి అట్టలయ్యేవి. చెక్క ఇళ్ళు, తెల్లటి బిర్చి చెట్లు, మోకాలి లోతు మంచు చాలా ఇళ్ళలోకి అలాగే వచ్చాయి. ఆ బొమ్మల చోటు చూడాలనుకునేవాళ్ళు డిసెంబరుకో జనవరికో బయల్దేరతారు. అక్కడే పొరపాటు జరుగుతుంది. డిసెంబరు చివర్లో మాస్కోలో పగలు ఏడు గంటలే, ఆ కాస్తా మసక వెలుగు. పేరుపడ్డ మంచు బొమ్మల సంవత్సరాలూ నెలలూ చూడండి: సవ్రాసొవ్ "కాకులు వచ్చేశాయి" 1871 మార్చిలో మొల్విటినో అనే పల్లెలో పుట్టింది. లెవిటాన్ "మార్చి" 1895, గ్రబార్ "మార్చి మంచు" 1904, యువోన్ "మార్చి సూర్యుడు" 1915. చిత్రకారులు కాచుకుని కూర్చున్నది చలికాలం వెనక్కి తగ్గే ఈ రోజుల కోసమే. అందుకే ఈ ఆరు రోజుల ప్రయాణం మార్చి మూడో వారంలో పెట్టుకున్నది.

మార్చి 17, మంగళవారం. మాస్కో, లావ్రూషిన్‌స్కీ సందు

ట్రెట్యాకోవ్ గ్యాలరీకి సోమవారం సెలవు కాబట్టి మొదలు మంగళవారమే. ఇంకో కారణం కూడా ఉంది. రష్యా పల్లె క్యాలెండరులో మార్చి 17 సాధువు గెరాసిమ్ రోజు. ఆ రోజుని "గ్రాచెవ్నిక్" అంటారు, అంటే కాకులు తిరిగొచ్చే రోజు. గ్రాచ్ అనే ఈ కాకి మన ఊరకాకి కాదు. ఒళ్ళంతా నల్లగా నిగనిగలాడుతుంది, ముక్కు మొదట్లో మాత్రం ఈకలు ఊడి బూడిద తెలుపు చర్మం కనిపిస్తుంది. చలికాలమంతా దక్షిణాన గడిపి, నేల అక్కడక్కడ బయటపడే వేళకి వస్తుంది. మనకి వసంతాన్ని కోయిల కూసి చెబుతుంది, వాళ్ళకి ఈ కాకి అరిచి చెబుతుంది.

సవ్రాసొవ్ బొమ్మ దగ్గరికి చేరిన వాళ్ళు ముందు దాని కొలతకే ఆశ్చర్యపోతారు. నిలువు 62 సెంటీమీటర్లు, అడ్డం 48.5. గోడ క్యాలెండరంత. ఇంత పేరున్న బొమ్మ ఇంత చిన్నదా అని చాలామంది దాటి వెళ్ళిపోతారు కూడా. ఆ గదిలో కుర్చీ వేసుకుని కూర్చునే పెద్దావిడ అలా పోయేవాళ్ళని చేత్తో ఆపి, రెండడుగులు వెనక్కి, తర్వాత ఒక అడుగు ముందుకి అని సైగ చేస్తోంది. ఆవిడ మాట వినడం మంచిది.

వెనక నుంచి చూస్తే వంకర బిర్చి చెట్లు, కొమ్మల్లో గూళ్ళు, చెక్క కంచె, దాని వెనక పల్లె కప్పులు, కోసుగా లేచిన గంటగోపురం, అవతల పొలాలు. దగ్గరికొస్తే మంచు. ఆ మంచులో తెలుపు వెతకండి. దొరకదు. ముందు భాగమంతా గోధుమ కలిసిన బూడిద రంగు, అడుగుల గుర్తులు, రాలిన పుల్లలు. బిర్చి నీడలు పడ్డచోట పల్చటి నీలం, కుడి పక్క కరిగిన నీళ్ళలో మబ్బు నీడ. మంచు మీద వాలిన ఒక కాకి ముక్కున పుల్ల పట్టుకుని ఉంది. బొమ్మ మొత్తంలో ఏదైనా జరుగుతోందంటే అదే. గుడి గోడ సున్నం కూడా తెల్లగా లేదు, మబ్బు రంగే దానికీ అంటింది. మంచు అంటే ట్యూబులోని తెల్లరంగు పిండడం అనుకునేవాళ్ళు ఈ ఒక్క బొమ్మ ముందు అరగంట నిలబడాలి.

అదే ఏడాది పెరెద్విజ్నికుల, అంటే ఊరూరా తిరిగి ప్రదర్శనలు పెట్టిన చిత్రకారుల, మొదటి ప్రదర్శనలో ఇది మిగతా ప్రకృతి దృశ్యాల పక్కన వేలాడింది. అక్కడి బొమ్మల్లో చెట్లున్నాయి, నీళ్ళున్నాయి, గాలి కూడా ఉంది గానీ ప్రాణమున్నది ఈ కాకుల బొమ్మలోనే అన్న అర్థంలో వాళ్ళలో ముఖ్యుడైన చిత్రకారుడు క్రమ్‌స్కోయ్ ఒక స్నేహితుడికి ఉత్తరం రాశాడు. ఇందులో రాజులు లేరు, యుద్ధం లేదు, అందమైన చెట్టు కూడా లేదు. కరుగుతున్న మురికి మంచుని, పేద పల్లెని బొమ్మకి తగిన వస్తువుగా నిలబెట్టడం సవ్రాసొవ్ చేసిన పెద్ద పని.

ఆయన శిష్యుడు లెవిటాన్ "మార్చి"లో నీలం ముదిరింది. ఎండపడ్డ పసుపు గోడ, జారబోతున్న వాకిటి కప్పు మంచు, గుమ్మం ముందు మంచుబండి కట్టిన గుర్రం, ఎత్తయిన చెట్టుకి పిట్టల గూడు పెట్టె. ఇంటి గోడ పసుపుగా ఉంది కాబట్టే మంచు నీడ అంత నీలంగా కొడుతోంది. చేత్తో ఆ గోడని మూసి చూస్తే నీలం చప్పబడుతుంది.

గ్రబార్ "ఫిబ్రవరి నీలం" (1904) వీటన్నిటికీ పెద్దన్న, 141 సెంటీమీటర్ల ఎత్తు. చేతికర్ర కింద పడితే వంగి తీసుకుంటూ ఆయన బిర్చి చెట్టుని కిందినుంచి చూశాడు. ఆ చూపు కోసం మంచులో మీటరు దాటిన లోతు కందకం తవ్వించుకుని, అందులో దిగి వేశాడు. గొడుక్కి నీలం రంగు వేయించి, ఎండా మంచు మెరుపూ కాన్వాసు మీద పడకుండా నిలబెట్టుకున్నాడు. రంగులు పలకమీద కలపకుండా విడివిడి గీతలుగా పెట్టాడు. మూడడుగుల దూరం నుంచి అవి గీతలు, పదడుగుల నుంచి గాలి.

మార్చి 18. కోస్ట్రోమా

కోస్ట్రోమా వోల్గా నది ఒడ్డు ఊరు. నది ఇంకా గడ్డకట్టే ఉంది, కానీ ఒడ్డు దగ్గర గడ్డ బూడిద రంగుకి తిరిగింది. తెల్లగానో నీలంగానో ఉన్న గడ్డ గట్టిది. బూడిద రంగంటే లోపల నీళ్ళు పట్టాయని. నది మధ్యలో చిన్న స్టూళ్ళ మీద కూర్చుని గాలం వేసే ముసలివాళ్ళు కనిపిస్తారు. వాళ్ళకి ఆ నది ఏళ్ళ తరబడి తెలుసు. వాళ్ళని చూసి మనం దిగకూడదు.

ఊరి నడిమి సుసానిన్ చౌక్‌ని అందరూ "స్కొవొరోద్కా" అంటారు, పెనం అని అర్థం. వీధులన్నీ అక్కడినుంచి విసనకర్రలా విచ్చుకుంటాయి. అగ్నిమాపక కావలి గోపురం, తెల్లటి స్తంభాల అంగడి వరసలు అక్కడే. ఆ వరసల్లో రేపటి పల్లెకి, అంటే మొల్విటినోకి, చెప్పులు కొనాలి.

వాలెంకీ అంటే గొర్రె ఉన్నిని తడిపి, నొక్కి, గట్టిపరచి చేసిన మోకాలి బూట్లు. కుట్టు ఉండదు. పాతకాలపు పద్ధతిలో చేసినవాటికి కుడి ఎడమ కూడా ఉండవు, తొడగ్గా తొడగ్గా పాదానికి ఒదుగుతాయి. జత మూడు వేల రూబుళ్ళ దాకా పడింది. ఈ మధ్య రూబులూ రూపాయీ దగ్గర దగ్గరగానే నడుస్తున్నాయి, లెక్క సులువు. దుకాణంలో ఆవిడ మమ్మల్ని డబ్బులడగక ముందే పైన తొడుక్కునే రబ్బరు గలోషులు బల్లమీద పెట్టింది. ఇది అమ్మకపు తెలివి కాదు, అవసరం. వాలెంకీ పొడి చలికి చేసినవి. మార్చి మధ్యాహ్నం మంచు నీరైతే ఉన్ని స్పంజిలా పీల్చుకుంటుంది, తడిసిన బూటు రాత్రికి ఆరదు. పొయ్యికి మరీ దగ్గర పెడితే కుంచించుకుపోతుంది. మందపాటి మేజోడు పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకోవాలి. ఊళ్ళో నడకకి మాత్రం మామూలు బూటుకి తగిలించే ముళ్ళ రబ్బరు పట్టీలు మేలు. నిన్నటి నీరు తెల్లారేసరికి కాలిబాట మీద అద్దంలా గడ్డకడుతుంది.

ఇంకో జాగ్రత్త, చూరు. ఎండ తగిలితే కప్పుల నుంచి చినుకులు మొదలవుతాయి. "కపేల్" అంటారు దాన్ని, వినడానికి హాయిగా ఉంటుంది. ఆ చినుకులే చూరుకి మర్రి ఊడల్లాంటి గడ్డలై వేలాడి ఒక్కసారిగా ఊడిపడతాయి. కాలిబాట పక్కన ఎరుపు తెలుపు పట్టీ కట్టి ఉంటే వీధి అవతలికి దాటాలి.

డబ్బు సంగతి ఇక్కడే చెప్పాలి. మన బ్యాంకుల వీసా, మాస్టర్‌కార్డ్ 2022 మార్చి నుంచి అక్కడ పనిచెయ్యవు. నలగని, గీతల్లేని డాలర్లో యూరోలో తీసుకెళ్ళి మార్చుకోవాలి. అదీ పెద్ద ఊళ్ళోనే చేసుకోవాలి.

తిండి విషయంలో ఈ నెల శాకాహారులకి అదృష్టం. ఈస్టరుకి ముందు పెద్ద ఉపవాసం నడుస్తుంటుంది, హోటళ్ళలో "పోస్త్నయె మెన్యు" అని వేరే జాబితా పెడతారు. మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. "మాంసం లేకుండా" అని అడిగితే ముక్కలు తీసేసి అదే మాంసం పులుసు పొయ్యచ్చు. "పోస్త్నయె" అంటే ఆ ఇబ్బంది లేదు, ఎందుకంటే అది నియమం, రుచి కాదు. క్యాంటీన్లో పులవబెట్టిన క్యాబేజీ, పుట్టగొడుగులు వేసిన షీ చారు, వేయించిన ఉల్లిపాయతో గ్రేచ్క (బక్‌వీట్) గింజల అన్నం, బీట్‌రూట్, బంగాళాదుంప, ఉప్పు దోసకాయ ముక్కలకి పొద్దుతిరుగుడు నూనె పట్టించిన వినెగ్రేత్, నల్లరొట్టె. అన్నీ కలిపి 380 రూబుళ్ళు. కారం లేదు. షీ పులుపు మాత్రం మన నోటికి ఒక్క గుక్కలో పడుతుంది. తిన్న పళ్ళెం మనమే తీసి బల్ల దగ్గర పెట్టాలి, వదిలేసి లేస్తే చిన్నచూపు చూస్తారు.

మార్చి 19. సుసానినో

మన దగ్గర ఉగాది. ఇక్కడ వేప పువ్వూ లేదు, మామిడి పిందే లేదు.

బస్సు ఉత్తరంగా అరవై కిలోమీటర్ల పైన పోతుంది. మొల్విటినో పేరు 1930ల చివర్లో సుసానినోగా మార్చారు. 1613లో పోలిష్ దండుని బురద అడవిలోకి దారి తప్పించి ప్రాణం వదిలిన రైతు ఇవాన్ సుసానిన్ ఈ చుట్టుపక్కల వాడే. సవ్రాసొవ్ గీసిన పునరుత్థాన దేవాలయం కొంతకాలం ఈ సుసానిన్ మ్యూజియంగా కూడా ఉంది.

బొమ్మ చేతిలో పట్టుకుని అదే చోటు వెతకడంలో చాలామంది పొద్దు పోగొట్టుకుంటారు. గంటగోపురం ఆకారం చూడగానే పోల్చుకోవచ్చు: తెల్లటి కోసు, దాని ఒంటిమీద వరసగా చిన్న కిటికీలు. కానీ చెట్లు, కంచె, గుడి ఉన్నదున్నట్టు ఒక్క చూపులో కలవవు. సవ్రాసొవ్ ఇక్కడ ఎట్యూడ్లు, అంటే చిన్న నమూనా బొమ్మలు, వేసుకుని తర్వాత మాస్కోలో పూర్తి చేశాడు, అంటే కూర్చింది ఆయనే. నూటయాభై ఏళ్ళ బిర్చి చెట్లు ఇంకా నిలబడి ఉంటాయని ఆశపడకూడదు. ఆ చెట్టు ఆయుష్షు అంత ఉండదు. మేమూ ఒక బిర్చి గుంపు చూసి పక్క సందులోకి తిరిగాం. మంచు తియ్యని సందులు ఎవరో ఒకరి పెరట్లో ఆగిపోతాయి. వెడల్పాటి పారతో వాకిలి శుభ్రం చేస్తున్న ఇంటాయన నవ్వలేదు, కసురుకోనూ లేదు. మంచులోనే పారతో ఒక గీత గీసి గుడి ఎటో చూపించాడు. పల్లెలో ఎదురైన ప్రతివారికీ "జ్ద్రాస్త్వుయ్‌తే" అనడం మర్యాద. మాస్కోలో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి అలా చెబితే వింతగా చూస్తారు. ఇంట్లోకి పిలిస్తే గడపలోనే బూట్లు విప్పాలి, గడప మీదుగా కరచాలనం చెయ్యకూడదు. పువ్వులు తీసుకెళ్తే బేసి సంఖ్యలోనే ఇవ్వాలి. సరిసంఖ్య చావుకి.

చూడవలసింది చోటు కన్నా మంచు రంగు. గంట గంటకీ ఒక రంగు.

ఉదయం ఏడింటికి సూర్యుడు చెట్ల మొదట్లో ఉంటాడు. మంచు మీద లేత గులాబీ, గుంటల్లో ఊదా. తొమ్మిదికి ఎండ పసుపెక్కుతుంది, నీడలు నీలమవుతాయి. నీడలో ఎండ లేదు, ఆకాశం వెలుగు మాత్రమే ఉంది. ఆకాశం నీలం కాబట్టి నీడా నీలం. మబ్బు కమ్మిన రోజు అదే నీడ బూడిదగా, అంచుల్లేకుండా పోతుంది. సవ్రాసొవ్ ఎన్నుకున్నది ఈ రెంటికీ మధ్య వేళ: పైన మబ్బుల మధ్య కాస్త నీలం కన్ను తెరిచి ఉంది, అందుకే నీడలు ఉన్నాయి గానీ గట్టిగా లేవు. ఈ రోజుల్లో నడినెత్తిన కూడా సూర్యుడు ఇక్కడ ముప్పై డిగ్రీల ఎత్తు కాస్త దాటతాడంతే. కాబట్టి నీడలు రోజంతా పొడుగ్గానే పడతాయి. మన ఊళ్ళో పన్నెండు గంటలకి నీడ కాళ్ళ కిందికి చేరుతుంది, ఇక్కడ చేరదు. మంచు బొమ్మల్లో ఆ పొడుగు నీలి గీతలు ఎందుకు ఉంటాయో ఇక్కడ నిలబడితే గానీ తెలియదు.

చెట్టు మొదలు చుట్టూ గిన్నెలా గుంట పడుతుంది. ముదురు రంగు మాను ఎండని పీల్చుకుని వేడెక్కి చుట్టూ ఉన్న మంచుని తినేస్తుంది. కంచె కర్రలకీ అంతే. బాట మాత్రం ఎత్తుగా మిగిలిపోతుంది, ఎందుకంటే తొక్కితొక్కి గట్టిపడ్డ మంచు చివరికి గానీ కరగదు. ఎండుగడ్డి, గుర్రపు పేడ, బూడిద కలిసిన ఆ బాట రంగే బొమ్మలో ముందు కనిపించే రంగు.

కాకుల అరుపు విన్నాకే అవి కనిపిస్తాయి. ఎత్తయిన చెట్ల మీద ఒకదాని పక్కన ఒకటి, గుంపుగా గూళ్ళు కడతాయి. పాత గూడునే బాగు చేసుకుంటాయి, అదను దొరికితే పక్కగూటి పుల్ల ఎత్తుకొస్తాయి. అందుకే ఆ రభస. చెట్టు కింద మంచంతా విరిగిన పుల్లలు, రెట్టలు. ఊరి దగ్గరే ఎందుకు ఉంటాయంటే, ముందుగా నేల బయటపడేది పేడకుప్పల దగ్గర, బాట పక్కన, దక్షిణం వైపు వాలుల్లోనే. పురుగూ గింజా అక్కడే దొరుకుతాయి.

మార్చి 20. తెల్లవారి, తర్వాత కోస్ట్రోమా స్లొబొదా

పగలు పైపొర కరిగి, రాత్రి సున్నాకి కింద ఆరేడు డిగ్రీలకి దిగితే గట్టి పెచ్చు కడుతుంది. దాని పేరు "నాస్త్". తెల్లవారాక దానిమీద పొలానికి అడ్డంగా ఇష్టం వచ్చినట్టు నడవచ్చు, అడుగు గుర్తు కూడా పడదు. సవ్రాసొవ్ చూసినట్టు పల్లెని బయటి నుంచి చూడాలంటే ఇదే అదను. పదింటికల్లా బాట మీదికి తిరిగి వచ్చెయ్యాలి. పదకొండుకి అదే పొలం తొడల దాకా దిగబడుతుంది, కాలు పైకి లాగుతుంటే పెచ్చు అంచు పిక్కని చీరుతుంది.

మధ్యాహ్నం ఇపాతియెవ్ మఠం పక్కన ఉన్న చెక్క ఇళ్ళ మ్యూజియం. బొమ్మల్లో కప్పులు మాత్రమే కనిపించే ఇళ్ళ లోపల ఏముందో ఇక్కడ చూడచ్చు. దుంగల మధ్య సందుల్లో నాచు కుక్కుతారు, ఎండిన నాచు కుళ్ళదు, గాలి చొరబడదు. గోడ అడుగున చుట్టూ మట్టి అరుగు పోస్తారు, నేల చలి లోపలికి రాకుండా. పేరు "జవాలిన్కా". వేసవిలో కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి మన వీధి అరుగులాగే పనికొస్తుంది. గదిలో నాలుగోవంతు పొయ్యిదే. వంట, పడక, బట్టలు ఆరడం అన్నీ దానిమీదే. కొన్ని పాత ఇళ్ళకి పొగగొట్టం లేదు. పొగ తలుపులోంచీ పైకంతలోంచీ పోయేది, గోడ పైసగం మసి నలుపు, కింద సగం కర్ర రంగు, మధ్యలో గీత గీసినట్టు ఉంటుంది.

మార్చి 21. లిగచోవో

మాస్కో నుంచి లోకల్ రైల్లో ఫిర్సనొవ్‌స్కయ దిగాలి. యువోన్ 1908 నుంచి వచ్చిపోయిన పల్లె ఇది. "మార్చి సూర్యుడు"లో గుర్రాలెక్కిన పిల్లలు, 1947 నాటి "రష్యా చలికాలం"లో చెట్లన్నీ మంచు పూసిన తెల్లటి నురగ. ఇప్పుడు ఎత్తు కంచెల విడిది ఇళ్ళు పెరిగాయి, ఒక పూట చాలు.

కెమెరా గురించి రెండు ముక్కలు. తెల్లటి దృశ్యాన్ని కెమెరా మధ్యస్థమైన బూడిద రంగుగా లెక్కేసుకుంటుంది, అందుకే మంచు మురిగ్గా పడుతుంది. ఎక్స్‌పోజర్ ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచాలి, మబ్బు రోజు ఒకటి చాలు. బ్యాటరీ చలికి త్వరగా దిగిపోతుంది, రెండోది లోపలి జేబులో ఒంటి వేడికి ఉంచాలి. వెచ్చని గదిలోకి వచ్చేముందు కెమెరాని బయటే జిప్ సంచిలో మూసి, లోపల గంటన్నర తెరవకూడదు. లేకపోతే అద్దం లోపల ఆవిరి పడుతుంది. బొమ్మ గీసేవాళ్ళయితే నీటిరంగుల నీళ్ళలో కాస్త వోద్కా కలుపుతారు, అవి గడ్డకట్టకుండా. నూనె రంగు గడ్డకట్టదు గానీ చలికి చిక్కబడి కుంచె ఈడుస్తుంది.

మార్చి 22. మాస్కో

రొట్టెల దుకాణంలో పొద్దున్నే పిట్టలు. నలభైమంది అమరవీరుల రోజు ఇది. "జావొరొన్కి" అనే భరత పక్షి బన్నులు కాలుస్తారు. ఒక్కొక్కటి 70 రూబుళ్ళు. ఉపవాసం కాబట్టి పిండిలో గుడ్డూ వెన్నా లేవు.

ఇంట్లో చేసుకోవడం కష్టం కాదు. అరకిలో మైదా, పావు లీటరు గోరువెచ్చటి నీళ్ళు, ఏడు గ్రాముల పొడి ఈస్టు, మూడు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, నాలుగు చెంచాల పొద్దుతిరుగుడు నూనె. పది నిమిషాలు పిసికి, గంట పొంగనివ్వాలి. పన్నెండు ముద్దలు చేసి ఒక్కొక్కదాన్ని జానెడు తాడుగా పాకించి, వదులుగా ఒక ముడి వెయ్యాలి. బిగిస్తే మధ్యలో పిండి ఉడకదు. ముడి పైకొచ్చిన కొస తల, దాన్ని గిల్లి ముక్కు లాగాలి. కింది కొసని నొక్కి కత్తితో మూడు గాట్లు పెడితే తోక. కళ్ళకి ఎండుద్రాక్ష లోతుగా గుచ్చాలి, పైపైన పెడితే పొంగేటప్పుడు ఊడిపోతాయి. ఇరవై నిమిషాలు ఆగి, గుడ్డు బదులు చిక్కటి తీపి టీ డికాషన్ పూసి, 180 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు కాల్చాలి. తీశాక ఇంకోసారి టీ పూస్తే మెరుపు నిలుస్తుంది. పల్లెల్లో పిల్లలు వీటిని కర్ర కొనకి గుచ్చుకుని కొట్టాల కప్పులెక్కి పిట్టల్ని పిలిచేవాళ్ళు, తర్వాత తల తాము తిని, కొంచెం పశువులకి పెట్టి, మిగిలింది కంచె మీద పొడిచేసి వచ్చేవాళ్ళు.